ఎర్ర సిరా చుట్టిన ‘బో’: తెలుగు టీచరుకు ఏ శిక్షణ కావాలి?

2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక స్టాఫ్ రూముల్లో మాటల తీరే మారిపోయింది. ఒకటి నుంచి ఎనిమిది తరగతులకు పాఠం చెప్పే టీచర్లలో, రిటైర్మెంటుకు ఇంకా 5 ఏళ్లకు మించి గడువున్నవాళ్లు 2 ఏళ్లలో టెట్, అంటే టీచర్ల అర్హత పరీక్ష, పాస్ కావాలి. 5 ఏళ్లలోపు ఉన్నవాళ్లు పాస్ కాకపోయినా ఉద్యోగంలో ఉండొచ్చు గానీ ప్రమోషన్ ఆశ వదులుకోవాలి. ఆ మాట వినగానే 20 ఏళ్ల సర్వీసున్న తెలుగు పండితులు కూడా గైడ్లు కొని చదువుకి కూర్చున్నారు. ఆ గైడ్లు తిరగేస్తే ఎక్కువ పేజీలు తెలుగువి కావు. నా బాధంతా అక్కడే మొదలైంది.

ఆరు నుంచి ఎనిమిది తరగతుల టీచర్లు రాసే టెట్ రెండో పేపరుకు 150 మార్కులు. శిశు వికాసం, బోధన పద్ధతులకు 30, మొదటి భాషకు 30, ఇంగ్లీషుకు 30. మిగతా 60 సబ్జెక్టువి. టీచర్ల అర్హతలు నిర్ణయించే జాతీయ మండలి ఎన్‌సీటీఈ మార్గదర్శకాల ప్రకారం ఆ 60 మార్కులకు రెండే దారులు: లెక్కలు, సైన్సు కలిపి ఒకటి, సోషల్ ఒకటి. భాష చెప్పేవాళ్లను ‘ఇతర టీచర్లు’ అనే గంపలో వేసి, ఆ రెండింటిలో ఏదో ఒకటి ఎంచుకోమన్నారు. ఆంధ్రప్రదేశ్ తన టెట్‌లో భాషా టీచర్లు ఆ 60 మార్కులూ భాషలోనే రాసే వీలు పెట్టింది. తెలంగాణ టెట్ మాత్రం ఎన్‌సీటీఈ బాటలోనే నడుస్తూ వచ్చింది. అంటే రుతుపవనాలు, మొగలుల పాలన, పార్లమెంటు సభలు బాగా చదివినవాళ్లు తెలుగు చెప్పడానికి అర్హులవుతారు. ఛందస్సు చెప్పగలిగి, పిల్లల చేత కథలు రాయించగలిగి, సోషల్‌లో వెనకబడినవాళ్లు అనర్హులవుతారు.

పరీక్షే వద్దని నేను అనడం లేదు. పిల్లల ముందు నిలబడేవాళ్లకు ఏం వచ్చో చూడాల్సిందే. కానీ తెలుగు చెప్పడానికి ఏం తెలిసి ఉండాలి అన్న ప్రశ్న ఈ వ్యవహారంలో ఎక్కడా ఎవరూ వేసుకున్నట్టు లేదు. దానికి నాకు తెలిసిన జవాబు ఒక నోటుపుస్తకంలో దొరికింది.

కొన్నేళ్ల కిందట ఒక మండలంలో కాంప్లెక్స్ మీటింగ్‌కి, అంటే చుట్టుపక్కల బడుల టీచర్లంతా కలిసే సమావేశానికి, వెళ్లాను. మధ్యాహ్నం భోజనాలయ్యాక, మామూలుగా అందరూ రిజిస్టరులో సంతకం పెట్టి బస్సు టైము చూసుకునే వేళ. ఒక సార్ సంచిలోంచి నాలుగు కాంపోజిషన్ పుస్తకాలు తీసి బల్ల మీద పెట్టారు. అందులో ఒకటి ఆరో తరగతి అమ్మాయిది. ‘మా నాన్న’ మీద రాయమంటే ఇలా మొదలుపెట్టింది: “మా నాయిన నిన్న పట్నం బోయిండు. నాకు గాజులు తెచ్చిండు.” ఎర్ర సిరాతో నాయిన, బోయిండు, తెచ్చిండు చుట్టూ సున్నాలు. పైన నాన్న, వెళ్లాడు, తెచ్చాడు. పేజీ తిప్పితే అదే అమ్మాయి తరువాతి కాంపోజిషన్: “మా నాన్న మంచివాడు. మా నాన్న అంటే నాకు చాలా ఇష్టం. మా నాన్న నన్ను బాగా చూసుకుంటాడు.” ఒక్క తప్పు లేదు. గాజులూ లేవు, పట్నమూ లేదు.

“ఆ సున్నాలు చుట్టింది నేనే. ‘బోయిండు’ తప్పా, కాదా? చెప్పండి సార్” అని అడిగారాయన. 40 నిమిషాలు ఎవరూ లేవలేదు. ఒక మేడం బోర్డు మీద ‘పూచెను + కలువలు = పూచెఁ గలువలు’ అని రాశారు. ద్రుతం, అంటే మాట చివరి నకారం, తరువాత క చ ట త ప లకు గ జ డ ద బ లు వస్తాయని, దాన్ని సరళాదేశ సంధి అంటారని హైస్కూలు వ్యాకరణంలో మనమే బట్టీ పట్టిస్తాం. ‘పట్నం’ తరువాత ‘పో’ కాస్తా ‘బో’ కావడం ఆ సూత్రానికి దగ్గరి చుట్టమే. సూత్రం చదవకుండానే ఆ పిల్ల నోరు దాన్ని పాటించింది, చేయి నోటిని నమ్మింది. అక్కడ ఎర్ర సున్నా చుట్టి, నాలుగేళ్ల తరువాత అదే అమ్మాయికి అదే విషయాన్ని కొత్త పాఠంలా చెబుతాం.

రెండో పుస్తకంలో ‘బాష’, దాని కిందనే ‘విధ్య’. ఒత్తు ఉండాల్సిన చోట లేదు, అక్కర్లేని చోట ఉంది. ఇంట్లో ఎవరూ ఒత్తి పలకని పిల్లాడికి మొదటిది సహజం. మొదటి దానికి తిట్లు తిన్నాక, ఎందుకైనా మంచిదని పెట్టిన ఒత్తు రెండోది. మూడో పుస్తకంలో ‘పలక’ను ‘వలక’ అని రాసిన పిల్లవాడికి చెవితో పేచీ లేదు, అక్షరం ఆకారం దగ్గరే తడబాటు. నాలుగోదాంట్లో ‘కల్లు నొప్పి పుడుతున్నాయి’. ళకారం పలకని ఇంటి నుంచి వచ్చిన కళ్లు అవి. నలుగురి తప్పులకూ కారణాలు వేరు, మందులూ వేరు. ఒకరికి ఇంటి మాటకూ పుస్తకం మాటకూ తేడా చూపాలి, ఒకరికి పలికించాలి, ఒకరి చేత ఇసుకలోనో పలక మీదో దిద్దించాలి. మనం నలుగురికీ ఒకే ఎర్ర సిరా పూశాం.

తెలుగు టీచరు వృత్తి విద్య అంటే నా దృష్టిలో ఇదే. ధ్వనుల సంగతి, మాండలికాల సంగతి, లిపి సంగతి తెలిసి, వాటిని ఒక పిల్ల రాతలో గుర్తుపట్టగలగడం. మరి మనకు అందుతున్న శిక్షణలో ఇది ఎంత?

2020 జాతీయ విద్యా విధానం ప్రతి టీచరూ ఏటా కనీసం 50 గంటలు వృత్తి వికాసానికి కేటాయించాలంది. ఆ గంటలు టీచరు సొంత ఆసక్తిని బట్టి సాగాలని కూడా అదే వాక్యంలో ఉంది. బడి దాకా వచ్చేసరికి 50 అంకె మిగిలింది, ఆసక్తి జారిపోయింది. 2017లో ఆన్‌లైన్ పాఠాల కోసం దీక్షా వేదిక వచ్చింది. 2019 ఆగస్టులో 42 లక్షల మంది టీచర్ల లక్ష్యంతో నిష్ఠ అనే జాతీయ శిక్షణ కార్యక్రమం మొదలైంది, కరోనా వచ్చాక అది ఫోన్లోకి మారింది. వీడియో, క్విజ్, సర్టిఫికెట్. దూరపు పల్లెలో ఒక్కడే టీచరుగా ఉన్నవాడికి ఇంట్లో కూర్చుని మంచి పాఠం వినే వీలు కలగడం చిన్న సంగతేమీ కాదు. అయితే లెక్కల టీచరుకు, తెలుగు టీచరుకు, పీఈటీకి అవే మాడ్యూళ్లు చాలావరకు. వీడియో ఒక పక్క నడుస్తుంటే ఇంకో పక్క మధ్యాహ్న భోజనం ఫొటోలు యాప్‌లోకి ఎక్కించిన చేతులు ఎన్నో. వాళ్లను తప్పుపట్టలేను. గంటలు అడిగారు, గంటలు ఇచ్చారు.

ముఖాముఖి శిక్షణలదీ ఇంకో కష్టం. రాష్ట్ర స్థాయిలో విన్నవాళ్లు జిల్లాలో చెబుతారు, జిల్లాలో విన్నవాళ్లు మండలంలో చెబుతారు. నేనూ డీఆర్పీగా, అంటే జిల్లా స్థాయి శిక్షకుడిగా, నిలబడినవాణ్నే. పైన అయిదు రోజులు విన్నది కింద రెండు రోజుల్లో చెప్పేశాను. ఎవరైనా “మా క్లాసులో సగం మంది లంబాడా పిల్లలు, మరి వాళ్లకెట్లా?” అని అడిగితే మాడ్యూల్‌లో జవాబు వెతికాను. దొరక్క “తరువాత మాట్లాడుకుందాం” అన్నాను. ఆ తరువాత ఇప్పటికీ రాలేదు. అడిగిన ఆ టీచరు ముఖం ఇప్పటికీ గుర్తుంది.

చెప్పే విషయం ఒక్కటిగా, చేతికందేలా ఉన్నప్పుడు ఇవే శిక్షణలు పనికొచ్చాయి కూడా. 2022లో చిన్న తరగతుల పిల్లలకు చదవడం, రాయడం, లెక్కలు నేర్పే తెలంగాణ కార్యక్రమం ‘తొలిమెట్టు’ మొదలైనప్పుడు పిల్లవాడు ఏ తరగతిలో ఉన్నాడని కాకుండా ఏ మెట్టు మీద ఉన్నాడో చూసి చదివించమన్నారు. సోమవారం క్లాసులో ఏం చెయ్యాలో టీచరుకు తెలిసింది. అవసరం ఎంతుందో పల్లె పిల్లల చదువుల సర్వే ‘అసర్’ చెబుతోంది: దేశవ్యాప్తంగా పల్లెల్లోని ప్రభుత్వ బడుల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 2022లో 16.3 శాతం, 2024లో 23.4 శాతం. పెరిగిందని సంతోషించినా, నలుగురిలో ముగ్గురికి ఆ పాఠం చదవడం ఇంకా రాలేదు. ఆ పని పడేది భాష చెప్పే టీచరు మీదే.

మన దగ్గర భాషా టీచర్ల కోసం సంస్థ కట్టడం ఎవరికీ తెలియదని కాదు. హైదరాబాద్‌లోనే 1958లో ఇంగ్లీషు టీచర్ల శిక్షణ కోసం సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ పెట్టారు. అదే ఇవాళ్టి ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం (ఇఫ్లూ). తప్పులను ఎలా చదవాలి, వినికిడి ఎలా నేర్పాలి అని పరిశోధించే సంప్రదాయం ఇంగ్లీషుకు మన ఊళ్లోనే దొరికింది. తెలుగుకు 1985లో విశ్వవిద్యాలయం వచ్చింది, 2008లో ప్రాచీన హోదా వచ్చింది. బళ్లో తెలుగు ఎలా చెప్పాలన్న ఒక్క ప్రశ్న మీదే పనిచేస్తూ, ఆ ఫలితాన్ని టీచరు చేతిలో పెట్టే ఆ స్థాయి సంస్థ రాలేదు. భాషకు పూలదండ వేశాం, భాష చెప్పేవాళ్ల చేతిలో పనిముట్టు పెట్టలేదు.

ఈ లోటు ఇప్పుడు ఇంకో వైపు నుంచి కూడా తగులుతోంది. తెలంగాణ 2018లో చట్టం చేసి సీబీఎస్ఈ, ఐసీఎస్ఈ బడులతో సహా అన్నిట్లో పదో తరగతి దాకా తెలుగు తప్పనిసరి చేసింది. మంచి పని, మనసారా ఒప్పుకుంటాను. కానీ తెలుగింటి పిల్లకు తెలుగు పాఠం చెప్పడం, ఇంట్లో హిందీయో మార్వాడీయో మాట్లాడే పిల్లకు తెలుగు నేర్పడం రెండూ వేర్వేరు విద్యలు. ‘వచ్చాడు, వచ్చింది, వచ్చారు’ తేడా తెలుగు పిల్లకు చెప్పాల్సిన పనే లేదు. వేరే భాష పిల్లకు అది ఒక నెల పని. పండిత శిక్షణలో మనం నేర్చుకున్నది మొదటి విద్యే. అమెరికాలో 2007 నుంచి అక్కడి తెలుగు పిల్లల కోసం ‘మనబడి’ తరగతులు నడుపుతున్న స్వచ్ఛంద టీచర్లు వారాంతాల్లో కుస్తీ పడుతున్నది ఈ రెండో విద్యతోనే. ఇక్కడివాళ్లూ అక్కడివాళ్లూ ఒక చోట కూర్చుని మాట్లాడుకుంటే ఇద్దరికీ లాభం.

ఆదివాసీ పిల్లల సంగతి మరీ ముఖ్యం. ఉమ్మడి రాష్ట్రంలో 2004లో సవర, కొండ, కువి, కోయ, గోండి, కొలామి, బంజారా, ఆదివాసీ ఒరియా, మొత్తం 8 భాషల్లో మాతృభాషా బోధన మొదలుపెట్టారు. ఇంటి భాష నుంచి తెలుగులోకి పిల్లను చేయిపట్టి నడిపించే ఆలోచన అది. అంతకు చాలా ముందే పర్లాకిమిడిలో ఒక బడిపంతులు సవర నేర్చుకుని, ఆ పిల్లల కోసం వాచకాలు తయారుచేసి, సొంత డబ్బుతో బడులు నడిపారు. ఆయన గిడుగు రామమూర్తి. ఏటా ఆగస్టు 29న ఆయన ఫొటోకి దండ వేసి, వ్యావహారిక భాష గొప్పదని ఉపన్యాసాలిస్తాం. ఆయన ఆ వాదాన్ని మొదట మోసుకెళ్లింది ఉపాధ్యాయుల సభలకు. పిల్లలు మాట్లాడే తెలుగుకూ మనం పుస్తకంలో పెట్టే తెలుగుకూ ఇంత దూరం ఎందుకని టీచర్లతోనే వాదించారు. తెలుగు టీచర్ల వృత్తి వికాసం మొదలైందే ఆ ప్రశ్నతో. నోటుపుస్తకాలు తెచ్చిన ఆ సార్ తెలియకుండానే దాన్నే మళ్లీ అడిగారు.

కాబట్టి నేను అడిగేది పెద్ద పథకం కాదు. భాషా టీచర్ల టెట్‌లో ఆ 60 మార్కులు భాషవే కావాలి, అందులో సగమైనా పిల్లల రాతను ముందు పెట్టి ‘ఇక్కడ ఏం జరిగింది?’ అని అడిగేవి కావాలి. కాంప్లెక్స్ మీటింగ్‌లో భాషా టీచర్లకు రెండు గంటలు విడిగా ఇచ్చి, వచ్చేటప్పుడు నాలుగు నోటుపుస్తకాలు తెమ్మనాలి. ఆ రెండు గంటలను 50లో కలపాలి. ఆ రోజు ఫొటోలు, యాప్‌లు, ఆన్‌లైన్ నివేదికలు అడగకూడదు. అక్కడ తేలని ప్రశ్నలు జిల్లాకు, రాష్ట్రానికి పైకి వెళ్లాలి. ఇన్నాళ్లూ జవాబులే పైనుంచి కిందికి వచ్చాయి, ఆ ప్రశ్నలకు సంబంధం లేకుండా.

ఆ సార్ తరువాతి మీటింగ్‌కి అదే పుస్తకం మళ్లీ తెచ్చారు. ఎర్ర సిరా మానేసి, కాంపోజిషన్ కింద పెన్సిల్‌తో “మీ నాయిన ఇంకేం తెచ్చిండు?” అని రాసి ఇచ్చారట. అమ్మాయి ఒకటిన్నర పేజీ రాసింది. పట్నం బస్సు, బస్సులో పోయిన చెప్పు, ఒక్క చెప్పుతో ఇంటికొచ్చిన నాయిన, అన్నీ ఉన్నాయి. ఆ తరువాత ఆయన బోర్డు మీద రెండు గళ్లు గీసి, ఒకదాంట్లో ఇంట్లో మాట, ఇంకోదాంట్లో పుస్తకం మాట రాయించారు. నాయిన, నాన్న. బోయిండు, వెళ్లాడు. పిల్లలే పోటీపడి చెప్పారు. చివర్న ఆ అమ్మాయి చేయెత్తి అడిగిందట: “సార్, గాజులను పుస్తకంల ఏమంటరు?”