గ్యాస్ కంపెనీని ఏడిపించిన ఊరు

న్యూజెర్సీ తెలుగువాళ్ళకి న్యూయార్క్ రాష్ట్రంలోని వాట్కిన్స్ గ్లెన్ గురించి చెప్పక్కర్లేదు. ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే నయాగరా తీసుకెళ్తూ దారిలో ఆపే చోటు అది. జలపాతాల పక్కన నడవడం, మెట్లెక్కలేక అమ్మ సగంలో కూర్చుండిపోతే అక్కడే ఒక ఫొటో, తర్వాత కారు డిక్కీ తెరిచి పులిహోర. ఆ ఊరిని ఆనుకుని ఉండే సరస్సు పేరు సెనెకా. అరవై కిలోమీటర్ల పొడవు, 180 మీటర్లకు పైగా లోతు, చుట్టూ ద్రాక్షతోటలు, ఆ నీళ్ళు తాగేవాళ్ళు దాదాపు లక్షమంది. ఇంత చల్లని చోట ఇంత మొండి జనం ఉంటారని మనకెవరూ చెప్పలేదు. ఒక గ్యాస్ కంపెనీని తొమ్మిదేళ్ళు తిప్పించుకుని ఉత్త చేతులతో పంపేశారు. కంపెనీ తరఫున కన్నీళ్ళు పెట్టుకునేవాడు ఒక్కడైనా ఉండాలి కదా, ఆ బాధ్యత నేను తీసుకుంటున్నాను.

అసలు వాళ్ళు అడిగిందెంత? సరస్సు పడమటి ఒడ్డున నేల కింద మందపాటి ఉప్పు పొరలున్నాయి. పంతొమ్మిదో శతాబ్దం చివరి నుంచీ అక్కడ బావులు తవ్వి, నీళ్ళు లోపలికి పంపి, కరిగిన ఉప్పును పైకి లాగుతున్నారు. ఉప్పు పోయిన చోట పెద్ద పెద్ద గుహలు మిగిలాయి. మన ఇళ్ళలో మెట్ల కింద కాస్త జాగా కనిపిస్తే పాత పేపర్లు, పగిలిన బకెట్ తోసెయ్యమూ? వాళ్ళూ అలాగే ఆ గుహల్లో 8.8 కోట్ల గ్యాలన్ల ప్రొపేన్, బ్యూటేన్ తోసేద్దామనుకున్నారు. మన లెక్కలో చెప్పాలంటే, వంటింట్లో వాడే 14.2 కిలోల సిలిండర్లు కోటికి పైనే. 2009లో ఇనర్జీ అనే కంపెనీ దరఖాస్తు పెట్టింది, తర్వాత అది అప్పట్లో హ్యూస్టన్‌లో ఉన్న క్రెస్ట్‌వుడ్‌లో కలిసిపోయింది. అదే చోట మరికొన్ని గుహల్లో సహజవాయువు అప్పటికే నిల్వ ఉంది, దాన్నీ ఇంకొంచెం పెంచుతామన్నారు. ఉన్నదానికి ఇంకొంచెం కలిపితే ఏమవుతుంది? ఏమీ కాదు. కంపెనీ కూడా అదే చెప్పింది.

ఏమీ కాదు అనే మాట దూరం నుంచి చెబితేనే దానికి బరువు. హ్యూస్టన్‌కీ వాట్కిన్స్ గ్లెన్‌కీ మధ్య రెండు వేల కిలోమీటర్ల పైమాటే, అంత దూరంలో ఉన్నవాళ్ళకే మనసు స్థిమితంగా ఉండి రిస్కు లెక్క సరిగ్గా వస్తుంది. గుహ పక్కనే ఇల్లు కట్టుకున్నవాడికి టెన్షన్, టెన్షన్ ఉన్నవాడి లెక్క ఎలా నమ్ముతాం?

ఆ టెన్షన్ ఉన్నవాళ్ళు ఊరుకోకుండా దరఖాస్తు కాగితాలు చదవడం మొదలెట్టారు. ఇక్కడే కంపెనీ అదృష్టం అడ్డం తిరిగింది. సాధారణంగా ఆ కాగితాలు ఎవరూ చదవకూడదనే అంత లావుగా తయారు చేస్తారు. వీళ్ళు చదివారు. గుహలోకి గ్యాస్ ఎక్కిస్తే అందులోని ఉప్పునీరు పైకి రావాలి, దాన్ని కొండవాలు మీద తవ్విన చెరువులో నిలవ ఉంచాలి, చలికాలంలో గ్యాస్ తీసేటప్పుడు ఆ ఉప్పునీటినే మళ్ళీ లోపలికి పంపాలి. చెరువుకి కింద ఏముంది? తాగునీటి సరస్సు. అసలే చుట్టుపక్కల సరస్సులకన్నా సెనెకాలో ఉప్పు ఎక్కువ, దానికి ఇదొకటి తోడు అన్నారు. గ్యాస్ ట్యాంకర్ల రైలు వెళ్ళేది ఏ దారిన అని అడిగారు, చూస్తే ఆ జలపాతాల లోయ మీదుండే పాత రైలు వంతెన మీదుగా. మనం తలెత్తి ఫొటోలు తీసుకునే వంతెనే. ఇక వాళ్ళ తరఫు భూగర్భ శాస్త్రవేత్త ఒకాయన పాత రికార్డులు తవ్వి, 1960లలో ఆ గుహల్లో ఒకదాని పైకప్పు నుంచి లక్షల టన్నుల రాయి ఊడిపడిందని చూపించాడు. అప్పటికి యాభై ఏళ్ళ కింద ఊడిన రాయి అది. ఊడాల్సింది ఊడిపోయింది కాబట్టి ఇప్పుడు ఇంకా సేఫ్ అని ఎందుకు అనుకోకూడదో నాకర్థం కాలేదు.

ఎదుటివాళ్ళ ఉదాహరణలు కూడా చాలా అన్యాయంగా ఉన్నాయి. 2001 జనవరిలో కాన్సస్‌లోని హచిన్సన్‌లో ఇలాంటి ఉప్పు గుహల నిల్వ నుంచే గ్యాస్ కారి, నేల కింద దాదాపు పదకొండు కిలోమీటర్లు ప్రయాణించి, అందరూ మర్చిపోయిన పాత ఉప్పు బావుల్లోంచి ఊరి మధ్యలో పైకి లేచింది. కొన్ని షాపులు పేలిపోయాయి, ఇద్దరు చనిపోయారు. సరే, అది ఎప్పుడో జరిగిందని సర్ది చెప్పుకుందామంటే, సరిగ్గా సెనెకా గొడవ జోరుగా ఉన్న 2015 అక్టోబర్‌లోనే లాస్ ఏంజెలస్ పక్కన ఆలిసో కాన్యన్‌లో నిల్వ బావి ఒకటి పగిలింది. మూయడానికి ఫిబ్రవరి దాకా పట్టింది, ఈలోగా దాదాపు లక్ష టన్నుల మీథేన్ గాల్లో కలిసింది, వేల కుటుంబాలు ఇళ్ళు ఖాళీ చేశాయి. ఆ బావికి భూమి లోపల ఉండాల్సిన సేఫ్టీ వాల్వ్‌ని 1979లోనే పీకేశారట. అది ఉప్పు గుహ కాదు, ఖాళీ అయిపోయిన చమురు క్షేత్రం, కాబట్టి ఈ పోలిక చెల్లదని మనం గట్టిగా వాదించవచ్చు. ఎక్కడ ప్రమాదం జరిగినా ఏదో ఒక తేడా దొరక్కపోదు.

కేంద్రంలో ఎనర్జీ కమిషన్ 2014 మేలో సహజవాయువు విస్తరణకి ఓకే చెప్పేసింది. ఆ ఊరున్న స్కైలర్ కౌంటీ పెద్దలు కూడా ప్రాజెక్టు వైపే మొగ్గారు. పెద్దలు ఒప్పుకున్నాక జనానికి ఇంకేం పని? ఆ అక్టోబర్ నుంచి రూట్ 14 మీద కంపెనీ గేటు ముందు చేరి లారీలకు అడ్డంగా నిలబడటం మొదలెట్టారు. పోనీ అరిచి గొడవ చేశారా అంటే అదీ లేదు, చేస్తే కేసు గట్టిగా పెట్టొచ్చు. టీచర్లు ఒకరోజు, వైనరీల వాళ్ళు ఒకరోజు, పాటగాళ్ళు, మాజీ సైనికులు, బామ్మలు, ఇలా వంతులేసుకుని వచ్చారు. 2015లో ఒకసారి పోప్ ఫ్రాన్సిస్ పర్యావరణం మీద రాసిన లేఖని గేటు ముందు నిలబడి పైకి చదువుతూ అరెస్టయ్యారు. ఆ పోలీసుల పరిస్థితి ఆలోచించండి, ప్రార్థనలాంటిది చదువుతున్న పెద్దావిడకి ఏ మొహం పెట్టుకుని బేడీలేస్తారు? మొత్తం ఆరు వందలకు పైగా అరెస్టులు. అంత చిన్న ఊరి కోర్టు ఈ రద్దీకి ఊపిరాడక, చివరికి చాలా కేసులు కొట్టేయాల్సి వచ్చింది.

పెట్టిన కేసుల్లో ఒకటి అక్రమ ప్రవేశం. ఇది నాకు బాగా నచ్చింది. కంపెనీ వాళ్ళ గేటు ముందు తారు రోడ్డు మీద పది నిమిషాలు నిలబడితే అక్రమ ప్రవేశం, లక్షమంది తాగే నీళ్ళ పక్కన నేల కిందికి కోటి సిలిండర్ల గ్యాస్ ప్రవేశిస్తే దానికి అభివృద్ధి అని పేరు. చట్టం కళ్ళకి గంతలుంటాయంటారు, ఇంత గట్టిగా కడతారనుకోలేదు. సాండ్రా స్టైన్‌గ్రేబర్ అనే జీవశాస్త్రవేత్త అయితే అంతకుముందే ఇలాగే అడ్డం నిలబడి, దానికి వేసిన 375 డాలర్ల ఫైను కట్టను గాక కట్టనని 2013లోనే జైలుకెళ్ళింది, పదిహేను రోజుల శిక్ష. రిసెర్చ్ చేసుకోవాల్సిన మనిషి జైల్లో కూర్చుని ఉత్తరాలు రాసుకుంది, దేశానికి ఎంత నష్టం.

మరి ఇంత కష్టపడి అనుమతి తెచ్చుకున్న కంపెనీ ఏం చేసింది? 2017 మేలో సహజవాయువు విస్తరణ మానుకుంటున్నామని కమిషన్‌కి రాసింది. కారణం, దీర్ఘకాలం వాడుకుంటామని ముందుకొచ్చే కస్టమర్లు దొరకలేదట. మీరు సరిగ్గానే చదివారు. దేశానికి అత్యవసరం అని చెప్పిన గోడౌన్‌కి అద్దెకి వచ్చేవాడే లేడు. ఆ మరుసటి ఏడు జులైలో న్యూయార్క్ రాష్ట్ర పర్యావరణ శాఖ ప్రొపేన్ ప్రాజెక్టుకి కూడా అనుమతి లేదు పొమ్మంది. ఏ గుహ గోడ బలహీనమనో, ఏ పైపు మందం చాలదనో అని ఉంటే కంపెనీ ఇంకో కన్సల్టెంట్‌ని పెట్టుకుని ఇంకో రిపోర్టు రాయించేది. వాళ్ళు చెప్పిన ముఖ్య కారణం వేరే. ద్రాక్షతోటలు, టూరిస్టులు, సరస్సు, వీటి మీద బతుకుతున్న ఆ ప్రాంతం తీరుకి ఇది సరిపడదట! ఊరికి ఒక తీరు ఉంటుందని, దాన్ని కూడా ఫైల్లో రాసుకుని తూకం వెయ్యాలని ఒప్పుకున్నాక ఇక పరిశ్రమలు బతికినట్టే.

మన దగ్గర ఈ బాధ లేదు, అందుకు సంతోషించాలి. ప్రజాభిప్రాయ సేకరణ అని టెంట్ వేస్తారు, ముందు వరసలో అధికారులు, చుట్టూ పోలీసులు, అసలు రిపోర్టు వందల పేజీలు ఇంగ్లీషులో, తెలుగులో మాత్రం పల్చటి సారాంశం. మైకు దొరికినవాడు రెండు నిమిషాలు మాట్లాడితే అభిప్రాయం సేకరించబడినట్టే. కోనసీమలో 1995లో పాశర్లపూడి బ్లోఅవుట్ 65 రోజులు మండింది, చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళు రాత్రిళ్ళు దీపం అవసరం లేకుండా గడిపారు. 2014 జూన్‌లో అదే కోనసీమలో నగరం అనే ఊళ్ళో గెయిల్ పైపులైను పేలి 20 మందికి పైగా చనిపోయారు. గ్యాస్ వాసన వస్తోందని అంతకుముందే చెప్పామని ఊరివాళ్ళు ఏడ్చారు. వాళ్ళు చెప్పింది ఏ ఫైల్లోకి ఎక్కిందో ఎవరికి తెలుసు. విశాఖలో కొండ కింద 60 వేల టన్నుల ఎల్పీజీ పట్టే గుహ 2007 నుంచీ నడుస్తోంది, అది ఉప్పు కాదు, గట్టి రాయి, నీటి ఒత్తిడితో గ్యాస్‌ని లోపలే పట్టి ఉంచే పద్ధతి. ఇంజినీరింగ్‌గా గొప్ప పనే, వెక్కిరించను. బీచ్ రోడ్డులో ముంత మసాలా తినేవాళ్ళలో ఎంతమందికి ఆ గుహ సంగతి తెలుసని మాత్రం అడగాలనిపిస్తుంది.

కాబట్టి గ్యాస్ కంపెనీలకి ఉచిత సలహా. ఈసారి స్థలం వెతికేటప్పుడు ఉప్పు పొర మందం తర్వాత చూడండి. ముందు ఆ ఊళ్ళో మూడు వందల పేజీలు కూర్చుని చదివే తీరిక ఎంతమందికుందో, అరెస్టయి సాయంత్రానికి ఇంటికొచ్చి మర్నాడు మళ్ళీ ఉద్యోగానికి వెళ్ళగలిగేవాళ్ళు ఎందరో, వైన్ కొట్టు యజమాని కలెక్టర్‌కి ఫోన్ చేస్తే ఎత్తుతాడో లేదో కనుక్కోండి. ఎత్తుతాడంటే ఆ ఊరు వదిలేయండి. ఎత్తని ఊళ్ళ లిస్టు మీ దగ్గర ఎలాగూ ఉంటుంది, మేమూ వాటిలో కొన్నిట్లో పుట్టినవాళ్ళమే.