పాతదే కొన్నాను, కానీ...

"అదే డబ్బుకి పాత ఖరీదైన రోడ్ బైక్ (సన్న టైర్ల రేసింగ్ తరహా సైకిల్) కంటే కొత్త ఎంట్రీ లెవెల్ సైకిలే మేలు" అన్న మాట సగమే ఒప్పుకుంటాను. నాది సెకండ్ హ్యాండ్ కార్బన్ ఫైబర్ ఫ్రేమ్, 10 స్పీడ్ అల్టెగ్రా (షిమానో కంపెనీ ఖరీదైన గేర్ సెట్). హైదరాబాద్ ఓఆర్ఆర్ పక్కన సోలార్ కప్పున్న 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ మీద మా తమ్ముడి కొత్త 8 స్పీడ్ క్లారిస్ (షిమానోదే ఎంట్రీ లెవెల్ గేర్ సెట్) సైకిల్ దీని వెనకే (వాడి బద్ధకం కూడా ఉందనుకోండి). గేర్లు ఇప్పటికీ మెత్తగా పడతాయి. కానీ చైన్, క్యాసెట్ (వెనక చక్రం పళ్ల చక్రాల సెట్), కేబుళ్లు, టైర్లు మార్చేసరికి జేబు ఖాళీ అయింది. పైగా ఈ ఫ్రేమ్‌లో 25 ఎంఎం మించి టైరు పట్టదు. మన గల్లీల గుంతల్లో చేతులు జివ్వుమంటాయి. వాడు 32 ఎంఎం టైర్లతో హాయిగా పోతాడు. ఇంకోటి, కార్బన్ పగుళ్లు రంగు కింద దాక్కుంటాయి. తెలిసిన మెకానిక్‌కి చూపించకుండా అడ్వాన్స్ ఇవ్వకండి.