108 తెచ్చిన మనిషి, దొంగ లెక్కలు రాయించిన మనిషి

రామలింగరాజు పేరెత్తితే మన దగ్గర ఇప్పటికీ రెండు జట్లు తయారవుతాయి. ఒక జట్టుకు ఆయన తాను పెట్టిన సాఫ్ట్‌వేర్ కంపెనీ సత్యం కంప్యూటర్స్‌ని ముంచిన మోసగాడు. రెండో జట్టు వెంటనే ఆయన తెచ్చిన 108 అంబులెన్సుని ముందుకు తెస్తుంది, ‘ఎంతమంది ప్రాణాలు నిలబెట్టాడో తెలుసా?’ అంటుంది. పైకి కొట్టుకుంటున్నా రెండు జట్లూ చేసే పని ఒకటే. మంచిని ఒక వైపు, చెడును ఇంకో వైపు రాసి, చెల్లుకు చెల్లు పోగా మిగిలిందే మనిషి గుణం అని తేల్చేయడం. ఆ కూడికలు తీసివేతలు కుదరవని చెప్పడానికి తెలుగునాట ఇంతకన్నా పెద్ద కేసు నాకు కనిపించదు.

2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో 108 మొదలైంది. రోడ్డు మీద దెబ్బతగిలి పడి ఉన్నవాడి దగ్గరికి, పైసా అడగకుండా, ఎవరి తాలూకు అని అడగకుండా బండి వస్తుందంటే అప్పట్లో జనం నమ్మలేదు. అంతకు నాలుగేళ్ల ముందే రామలింగరాజు తండ్రి పేరిట పెట్టిన బైర్రాజు ఫౌండేషన్ గోదావరి జిల్లాల పల్లెల్లో మంచినీటి ప్లాంట్లు పెట్టించింది. అదంతా నాటకమని కొట్టిపారేసేవాళ్లతో నేను ఏకీభవించను. నీళ్లు నిజం, అంబులెన్సు నిజం.

అదే కాలంలో, అదే మనిషి కంపెనీలో మరో లెక్క నడుస్తోంది. 2009 జనవరి 7న బోర్డుకు రాసిన ఉత్తరంలో ఆయనే ఒప్పుకున్నారు. అంతకుముందు సెప్టెంబరుతో ముగిసిన మూడు నెలలకు ఆదాయం 2,700 కోట్లని చూపించారు. నిజానికి వచ్చింది 2,112 కోట్లు. నిర్వహణ లాభం 649 కోట్లని రాసినచోట అసలున్నది 61 కోట్లు. నగదు, బ్యాంకు నిల్వల కింద చూపిన 5,361 కోట్లలో 5,040 కోట్లు లేనే లేవు. మొదట్లో చిన్న తేడానే, ఏటా పెరుగుతూ పోయింది, దిగితే పులి మింగేస్తుందని దాని మీదే స్వారీ చేశాను అన్నది ఆ ఉత్తరం సారాంశం. తానొక్క రూపాయి తినలేదనీ రాశారు. స్టాక్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ ఆ మాట నమ్మలేదు. 2015 ఏప్రిల్‌లో హైదరాబాద్ ప్రత్యేక కోర్టు ఆయనతో కలిపి పదిమందికి ఏడేళ్ల జైలు వేసింది. మరుసటి నెల సెషన్స్ కోర్టు శిక్షను నిలిపి బెయిలిచ్చింది.

దీన్ని అత్యాశ అని ఒక్క మాటలో తేల్చేస్తే పని తేలికవుతుంది. నాకు మాత్రం ఆ ‘చిన్న తేడా’ దగ్గరే అసలు సంగతి ఉందనిపిస్తుంది. ఏదో ఒక ఏడాది, ఏదో ఒక మూడు నెలలకు, ‘ఈసారి మనకు తక్కువొచ్చింది’ అని పదిమందిలో చెప్పాల్సిన రోజు వచ్చి ఉంటుంది. ఇవ్వడానికి కావాల్సిన గుణం వేరు, తగ్గడానికి కావాల్సిన గుణం వేరు. ఇచ్చే చెయ్యి ఎప్పుడూ పైనే ఉంటుంది. ఎంత ఇస్తే అంత పేరు. తక్కువొచ్చిందని ఒప్పుకోవడంలో పేరు రాదు సరికదా, ఉన్నది కాస్తా పోతుంది. మొదటిదాంట్లో ఎంత సాధన చేసినా రెండోదానికి పనికిరాదు. కారు నడపడం వచ్చినంత మాత్రాన ఈత రాదు కదా. కోట్లు దానం చేసిన మనిషి పరువు దగ్గర ఒక్క మెట్టు దిగలేకపోవడంలో నాకు వింతేమీ కనిపించదు. మన ఇళ్లల్లో చూడండి, ఊరందరి పెళ్లిళ్లకూ చేయి వేసే పెద్దమనిషి తన వ్యాపారంలో నష్టం వచ్చిందని సొంత భార్యకు కూడా చెప్పడు. వడ్డీకి తెచ్చి మరీ చదివింపులు చదివిస్తాడు.

ఇంకో ముఖ్యమైన విషయం, ఆ మంచితనం చుట్టూ ఉన్నవాళ్ల నోరు కట్టేసింది. సత్యం బోర్డులో హార్వర్డ్ ప్రొఫెసర్ ఉన్నారు, హైదరాబాద్‌లోని పేరున్న బిజినెస్ స్కూల్ ఐఎస్‌బీ డీన్ ఉన్నారు. 2008లోనే కంపెనీకి మంచి పాలనకు గోల్డెన్ పీకాక్ అవార్డు ఇచ్చారు, తర్వాత వెనక్కి తీసుకున్నారు. బ్యాంకులో డబ్బుందో లేదో తెలుసుకోవాలంటే ఆడిటర్లు బ్యాంకుకు తామే లేఖ పంపి, జవాబు తామే తీసుకోవాలి. ఆ పనిని వాళ్లు కంపెనీ చేతుల్లోనే పెట్టేశారని అమెరికా స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ ఎస్ఈసీ 2011లో చెప్పింది. శిక్షపడిన పదిమందిలో ఇద్దరు ఆడిటర్లే కాబట్టి వాళ్లది వట్టి మొహమాటం అనలేం. మిగతావాళ్లలో మాత్రం మొహమాటం పాలు చాలా ఉంది. ‘అంతటి మనిషిని అడుగుతామా?’ అనే మర్యాద మనలో చాలామందికి ఉంది, దాన్ని సంస్కారం కింద జమకట్టుకుంటాం.

2008 డిసెంబరు 16న ఆయన కుటుంబానికి చెందిన రెండు మేటాస్ కంపెనీల్ని సత్యం సొమ్ము 160 కోట్ల డాలర్లతో కొందామని ప్రతిపాదన వస్తే బోర్డు చివరికి సరే అంది. ఎదురుతిరిగింది ఇన్వెస్టర్లు, ఫండ్ మేనేజర్లు. వాళ్లలో చాలామంది గోదావరి పల్లెల్లో మంచినీళ్లు తాగినవాళ్లు కాదు, 108 ఎక్కినవాళ్లూ కాదు. ఆయన ఎంత మంచివాడో వాళ్లకు పట్టలేదు, ఇది ఎవరి డబ్బు అని మాత్రం అడిగారు. గంటల్లోనే ప్రతిపాదన వెనక్కి పోయింది. మూడు వారాలకు ఉత్తరం బయటికొచ్చింది.