బోల్టు ఎవరు విప్పాలి? ట్యాంకు మరమ్మతులో మెట్ల లెక్క

ఆర్టీసీ డిపోలో మెకానిక్ ఇంజిన్‌ను ముక్కలుగా విప్పి కూర్చోడు. పాతది దించి, రీకండిషన్ చేసిన ఇంజిన్ ఎక్కించి, బస్సును మళ్లీ రూటుకు పంపడమే డిపో పని. దించిన ఇంజిన్ సంగతి ఉప్పల్ లాంటి జోనల్ వర్క్‌షాపు చూసుకుంటుంది. సికింద్రాబాద్ తిరుమలగిరిలోని ఈఎంఈ (సైన్యం ఎలక్ట్రానిక్స్, మెకానికల్ మరమ్మతుల విభాగం) కాలేజీలో సైన్యం సాంకేతిక అధికారులు నేర్చుకునే పంపకం కూడా మూలంలో ఇదే. కాకపోతే అక్కడ బండి ఆగేది బస్టాండులో కాదు.

మన సైన్యంలో మొదటి మెట్టు బండి నడిపే క్రూ. తర్వాత రెజిమెంటు వెంటే ఉండే లైట్ ఎయిడ్ డిటాచ్‌మెంట్, అంటే ఎల్ఏడీ. దాని వెనక ఫీల్డ్ వర్క్‌షాపు, చివర బేస్ వర్క్‌షాపు. ట్యాంకులైతే ఢిల్లీ కంటోన్మెంటులోని 505 ఆర్మీ బేస్ వర్క్‌షాపు దాకా వెళ్తాయి. అమెరికా సైన్యం తన మాన్యువళ్లలో ఈ పంపకాన్ని ఒక పట్టికగా అచ్చువేస్తుంది. భాగం పేరు, చేయాల్సిన పని, చేసే మెట్టు, పట్టే సమయం, కావాల్సిన పనిముట్లు వరసగా ఉంటాయి. ‘పని’ గడిలో మాటలు ఆచితూచి వాడతారు. పరిశీలించు, పరీక్షించు, సర్దు, మార్చు, బాగుచేయి, ఓవర్‌హాల్ చేయి: ప్రతి మాటకూ వేరే అర్థం, చాలాసార్లు వేరే మెట్టు. సమయం మనిషి గంటల్లో, దశాంశాల్లో ఉంటుంది. 0.4 అంటే 24 నిమిషాలు. దాన్ని 40 నిమిషాలని చదివి రోజు పని వేసుకుంటే సాయంత్రానికి లెక్క తప్పుతుంది.

ఈ పట్టికను నైపుణ్యాల నిచ్చెనగా చదవడం చాలామందికి అలవాటు. కింద చేయి తిరగనివాడు, పైన నిపుణుడు అనుకుంటారు. నిజానికి అది పంచేది పనిముట్లను, పరీక్షా పరికరాలను, శుభ్రమైన గదిని, విడిభాగాలను. ఎల్ఏడీ హవల్దారు ఫ్యూయల్ ఇంజెక్షన్ పంపును కళ్లు మూసుకుని విప్పగలడేమో. కాని తిరిగి బిగించాక ప్రతి సిలిండరుకూ సమానంగా డీజిల్ వెళ్తోందో లేదో కొలిచే టెస్ట్ బెంచి అతని లారీలో ఉండదు. అందుకే పంపు మీద సీసం సీలు వేస్తారు. హైడ్రాలిక్ వాల్వుదీ అదే కథ. లోపల జారే కడ్డీకీ (స్పూలు) గోడకూ మధ్య ఖాళీ కొన్ని మైక్రాన్లే. టార్పాలిన్ కింద విప్పితే దుమ్ము రేణువు చాలు, అది బిగుసుకుపోతుంది. గన్నరు గురి చూసే సైటు విప్పితే తేమ చొరబడి తెల్లారేసరికి అద్దం లోపల ఆవిరి పడుతుంది. దాన్ని వదిలించాలంటే పొడి నైట్రోజన్ నింపాలి, తర్వాత కాలిమేటరు అనే పరికరం పెట్టి గురి గీత సరిచూడాలి.

అందుకని అన్నీ పైకి పంపేద్దామా? అప్పుడు క్యూ పెరుగుతుంది. ఒక ఫార్మేషన్‌లో, అంటే బ్రిగేడ్, డివిజన్ లాంటి పెద్ద దళంలో, నెలకు రెండు ఇంజిన్లు దిగుతున్నాయనుకుందాం. బేస్ వర్క్‌షాపుకు వెళ్లి రావడానికి అయిదు నెలలు పడితే, బండ్లు ఆగకుండా ఉండాలంటే పది ఇంజిన్లు అదనంగా కావాలి. ఆ రాకపోకలకు ఎనిమిది నెలలైతే పదహారు. ఆ ఆరు ఇంజిన్లు కొనకపోతే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. ఒక ట్యాంకు ఇంజిన్ లేకుండా నిలబడుతుంది, తర్వాత దాని భాగాలే పక్క ట్యాంకుకు ఎక్కుతాయి.

పై మెట్టు మీద భారం ఎంతన్నది కింది మెట్టు చేతిలో ఉంటుంది. పట్టికలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించే వరస ఇదే. టీ-72 ట్యాంకు ఎయిర్ క్లీనరులోని కేసెట్లను (గాలిని వడకట్టే పెట్టెలను) డీజిల్‌లో కడిగి, నూనె పట్టించి బిగించడం చూడ్డానికి అట్టడుగు పని. రాజస్థాన్ ఇసుకలో ఆ పని ఒక్కసారి ఎగ్గొట్టినా, బిగించేటప్పుడు గాస్కెట్ సరిగా కూర్చోకపోయినా, వడకట్టని గాలి పక్క సందులోంచి నేరుగా సిలిండర్లలోకి పోతుంది. రింగులు అరుగుతాయి, ఆయిల్ తాగడం పెరుగుతుంది, కంప్రెషన్ పడిపోతుంది. గడువుకు చాలా ముందే ఇంజిన్ ఓవర్‌హాల్‌కు చేరుతుంది. అక్కడ దాన్ని ‘అరుగుదల’ అని రాస్తారు తప్ప ‘గాస్కెట్’ అని ఎవరూ రాయరు.

ఎలక్ట్రానిక్ పెట్టెల దగ్గర తప్పు వేరే రకం. బండిలోని స్వీయ పరీక్ష ఎర్ర లైటు చూపగానే పెట్టె ఊడదీసి పైకి పంపేస్తారు. అక్కడ బెంచి మీద పెడితే బాగానే పనిచేస్తుంది. దోషం చాలాసార్లు కనెక్టరు పిన్నుల మీద మురికిలోనో, వదులైన కేబుల్‌లోనో ఉంటుంది. పెట్టెకేమో రానూపోనూ ప్రయాణం. కాబట్టి ‘మార్చు’ అన్న అధికారం ఏ మెట్టుకిస్తే ‘పరీక్షించు’ కూడా అదే మెట్టుకు ఇవ్వాలి. కనెక్టరు తుడిచి మళ్లీ బిగించి చూడు, పక్క బండి పెట్టెతో మార్చి చూడు, ఆ తర్వాతే ఊడదీయి అని వరసగా రాయాలి. అమెరికా విడిభాగాల కోడులో కూడా ఎవరు మార్చాలన్నది మూడో అక్షరం, ఎవరు పూర్తిగా బాగుచేయాలన్నది నాలుగో అక్షరం, పాడైతే ఏం చేయాలన్నది అయిదోది. మూడూ మూడు వేర్వేరు ప్రశ్నలు.

జవాబు చాలావరకు డిజైన్ బల్ల మీదే తేలిపోతుంది. జర్మన్ ట్యాంకు లెపర్డ్-2లో ఇంజిన్, గేరుబాక్సు ఒకే ముద్ద. క్రేను ఉంటే గంటలోపే మార్చేస్తారు. టీ-72లో ఇంజిన్ దించి కొత్తది కూర్చోబెట్టాక గేరుతో వరస కుదిరేలా షిమ్ములు (పల్చటి రేకులు) వేసి సరిచూడాలి, దాంతో ఒక రోజు దాకా పడుతుంది. కాగితం మీద మెట్టు మార్చినంత మాత్రాన ఆ రోజు గంట అయిపోదు.

హైదరాబాద్‌కు ఇది దూరపు ముచ్చట కాదు. పదాతి దళాన్ని మోసే బీఎంపీ-2 పోరాట వాహనం తయారయ్యేది పక్కనే ఎద్దుమైలారంలో, ట్యాంకులను కొట్టే కొంకుర్స్ క్షిపణులు చేసే బీడీఎల్ కూడా హైదరాబాద్ సంస్థే. 2025 నవంబరు 26న శంషాబాద్ వైపు ఫ్రెంచ్ కంపెనీ సఫ్రాన్ పెట్టిన, ప్రయాణికుల విమానాల లీప్ ఇంజిన్ల మరమ్మతు కేంద్రం మొదలైంది. రఫేల్ యుద్ధవిమానాల ఎం88 ఇంజిన్ల కేంద్రానికి శంకుస్థాపన కూడా ఆ రోజే జరిగింది. ఎం88లో 21 మాడ్యూళ్లు, అంటే విడివిడిగా ఊడే భాగాలు, ఉంటాయి, పాడైనదాన్ని విడిగా మార్చవచ్చు. అంటే ఏ మాడ్యూలు స్క్వాడ్రన్‌లో మారుతుంది, ఏది హైదరాబాద్ వస్తుంది, ఏది ఫ్రాన్సుకు వెళ్తుంది అన్నది ఒప్పందం నాటికే గడులుగా రాసుకోవాలి. సైన్యం వైపు 2017 ఆగస్టులో రక్షణ శాఖ ఆమోదించిన సంస్కరణల్లోనూ మరమ్మతు మెట్ల పునర్వ్యవస్థీకరణ ఉంది.

తయారీదారుకు ఓవర్‌హాల్ అప్పగించడంలో నాకు అభ్యంతరం లేదు. అభ్యంతరమల్లా పట్టిక లేకుండా ఒప్పందం చేసుకోవడం మీదే. టార్క్ విలువలు (ఏ బోల్టు ఎంత బిగించాలన్న అంకెలు), అరుగుదల హద్దులు, పరీక్షా సాఫ్ట్‌వేరు పాస్‌వర్డులు కంపెనీ దగ్గరే ఉండిపోతే, ఫీల్డ్ వర్క్‌షాపు గడిలో ‘బాగుచేయి’ అని ఎంత పెద్ద అక్షరాలతో రాసినా ఉపయోగం లేదు.

దీనికి పరీక్ష కష్టమేం కాదు. బండి తీసుకునే ముందు, కంపెనీ ఇంజినీరును పక్కన నిలబెట్టి, పని చేయాల్సిన మెట్టు జవాన్ల చేతనే, ఆ మెట్టు లారీలో ఉన్న పనిముట్లతోనే, చేతి తొడుగులతోనే, రాత్రి టార్చి వెలుగులో ఆ పని చేయించాలి. గడియారం పెట్టాలి. 2.0 గంటలని రాసిన పని అయిదు గంటలు పట్టిందంటే అంకె దిద్దాలి, లేదా పనిముట్టు ఇవ్వాలి, లేదా ఆ పనిని ఒక మెట్టు పైకి జరపాలి. జరిపిన ప్రతిసారీ పైన ఎన్ని అదనపు అసెంబ్లీలు కొనాలో అదే కాగితం మీద వేసుకుని, ఆ తర్వాతే సంతకం పెట్టాలి.