ఎక్స్ విలువతో మాకేం పని అనేవాళ్లకి

"స్కూల్లో బట్టీ పట్టిన ఆల్జీబ్రా జీవితంలో ఒక్కసారైనా పనికొచ్చిందా?" అంటూ తిరిగే పోస్టు మళ్లీ కనబడింది. కింద వందల లైకులు. చూసిన ప్రతిసారీ కడుపు మండుతుంది. అది వాడకపోవడం వల్ల ఎంత పోగొట్టుకుంటున్నామో ఒక్కరూ రాయరు.

అప్పు సంగతే తీసుకోండి. ఏడాదికి 10 శాతం ఫ్లాట్ వడ్డీ (అంటే మొదట తీసుకున్న మొత్తం మీదే చివరిదాకా వేసే వడ్డీ), 12 నెలవారీ వాయిదాలు అంటారు. పది శాతమే కదా అని సంతకం పెట్టేస్తాం. ఒక్క నిమిషం ఆగి, అసలుని 12 సమాన భాగాలు అనుకోండి. మొదటి నెల 12 భాగాలూ మన దగ్గరే ఉంటాయి. రెండో నెలకి 11, ఆఖరి నెలకి ఒక్కటే. ఏడాది మొత్తం మీద సగటున మనం వాడుకున్నది ఆరున్నర భాగాలు. వడ్డీ మాత్రం పన్నెండింటికీ చివరిదాకా కడుతున్నాం! ఇప్పుడు అసలైన రేటుని ఎక్స్ అనుకుని, ఏ నెలకా నెల మిగిలిన బాకీ మీదే వడ్డీ వేసి చూడండి. సుమారు 18 శాతం తేలుతుంది. కాగితం మీద 10 అనే ఉంటుంది, అందులో అబద్ధమేమీ లేదు. ఆ ఎక్స్ ఎంతో అడిగే అలవాటు మనకి లేదు, అంతే.

జీతం 20 శాతం కోసి, తర్వాత 20 శాతం పెంచారనుకోండి. పాత జీతం తిరిగి రాదు, వందకి 96 దగ్గరే ఆగుతుంది. జీతం ఎంతైనా సరే, ఎవరిదైనా సరే, ఇదే జరుగుతుంది. అంకెలతో చేస్తే ఒకరి లెక్క తేలుతుంది, ఎక్స్‌తో చేస్తే అందరిదీ ఒకేసారి తేలుతుంది. ఆల్జీబ్రా మీద నాకున్న ప్రేమంతా ఇక్కడే ఉంది.

5 మిల్లీలీటర్లలో 125 మిల్లీగ్రాములున్న సిరప్‌తో 200 మిల్లీగ్రాముల డోసు ఇవ్వాలంటే 8 మిల్లీలీటర్లు పోయాలని నర్సు లెక్క కడుతుంది. ఎక్సెల్‌లో ఒక గడిలో ఫార్ములా రాసి కిందికి లాగే ప్రతి అకౌంటెంటూ రోజంతా చేసేది ఆల్జీబ్రానే. ఆ గడి పేరే అక్కడ చలరాశి, అంటే మన ఎక్స్. 9వ శతాబ్దంలో బాగ్దాద్‌లో అల్ ఖ్వారిజ్మీ అనే గణిత పండితుడు ఈ విద్యని పుస్తకంగా రాసింది కూడా ఆస్తి పంపకాలు, వ్యాపారం, భూముల కొలతల వంటి పనుల కోసమే.

మరి పిల్లలకెందుకు విసుగు? తయారుగా ఉన్న సమీకరణం చేతికిచ్చి "ఎక్స్ విలువ కనుగొనుము" అంటాం కాబట్టి. బయట ఏ బ్యాంకూ, ఏ యజమానీ సమీకరణం రాసివ్వరు. తెలిసినవేవి, తెలియనిదేది, వాటి మధ్య సంబంధమేంటి అని మనమే రాసుకోవాలి. కష్టమైన పని అది, మనం నేర్పకుండా వదిలేసిందీ అదే. పరీక్షలో ఒక లోన్ కాగితం ఇవ్వండి. సమీకరణం సరిగ్గా రాసినందుకే సగానికి పైగా మార్కులు వేయండి. దాన్ని సాధించడం ఇప్పుడు ఫోన్ కూడా చేస్తుంది.