టెస్టు అయిపోతుంది, డేటా పోదు

పర్లాకిమిడిలో ఇంటి నుంచి పని, కరెంటు పోవడం అలవాటే, కానీ నా జావా ప్రోగ్రాం డేటాబేస్‌తో సరిగ్గా పనిచేస్తోందో లేదో చూసే ఈ టెస్టులే ప్రాణం తీస్తున్నాయి. పాత జేడీబీసీ (జావా నుంచి డేటాబేస్‌తో మాట్లాడే పద్ధతి) రోజుల్లో టెస్టు మీద ట్రాన్సాక్షనల్ అని ఒక్క ముక్క రాస్తే చివర్లో అంతా దానంతటదే రోల్‌బ్యాక్ అయ్యేది, అంటే టెస్టు రాసిన డేటా చెరిగిపోయేది. జావా ఫ్రేమ్‌వర్క్ స్ప్రింగ్ 5.2లో, అంటే 2019లోనే, రియాక్టివ్ (జవాబు కోసం థ్రెడ్‌ను ఆపకుండా సాగే) ట్రాన్సాక్షన్లు వచ్చాయి, సరే, మరి టెస్టులకు ఆ సుఖమేదీ? ఆ ముక్క రాస్తే పాత పద్ధతి ట్రాన్సాక్షన్లు నడిపే ప్లాట్‌ఫామ్ ట్రాన్సాక్షన్ మేనేజర్ దొరకలేదని ఎర్రగా ఏడుస్తుంది! పాతది థ్రెడ్‌ను పట్టుకుని వేలాడుతుంది, కొత్తది రియాక్టివ్ పని వెంట సాగే రియాక్టర్ కాంటెక్స్ట్‌లో తిరుగుతుంది, ఒకదాని మొహం ఒకటి చూడవు. ఆ ముక్క తీసేస్తే? డేటా చెరగదు, డేటాబేస్‌లో పొద్దున ఒక్కడే ఉన్న కస్టమరు మధ్యాహ్నానికి 17 మంది, అందరూ అప్పారావులే. "దాల్మా చల్లారిపోతోంది, రావేట్రా" అని అమ్మ అరుస్తోంది, నేనేమో ప్రతి టెస్టునూ కోడ్‌లోంచే ట్రాన్సాక్షన్ నడిపే ట్రాన్సాక్షనల్ ఆపరేటర్‌లో చుట్టి, చివర్లో రోల్‌బ్యాక్ చెయ్యమని చెప్పే సెట్‌రోల్‌బ్యాక్‌ఓన్లీ రాసుకుంటూ కూర్చున్నా.