పెర్పెతువా అంటే 'శాశ్వతం' అని చెప్తే సరిపోదు

ఆడపిల్లల పేర్ల జాబితాల్లో పెర్పెతువా అనే లాటిన్ పేరు పక్కన 'శాశ్వతమైనది' అని ఒక్క ముక్క రాసి వదిలేస్తారు. తప్పని అనను, కానీ నాకది చాలదు. 'పెర్' అంటే ఆసాంతం, దానికి చేరింది 'పెతెరే' అనే క్రియ, అంటే ఒకదాని వైపు వెళ్లడం, దాన్ని కోరడం. రెండూ కలిస్తే మధ్యలో ఎక్కడా తెగకుండా చివరిదాకా సాగేది అని. తెలుగులో దీనికి దగ్గరి మాట 'నిత్య'. తెలుగు క్యాథలిక్కులు నిత్య సహాయ మాత అని కొలిచే మరియమ్మ బిరుదు లాటిన్‌లో ఉన్నది ఈ మాటతోనే.

అసలు రోమన్లు ఆడపిల్లలకి పేర్లు ఎలా పెట్టేవారో తెలిస్తే దీని విలువ ఇంకా బాగా అర్థమవుతుంది. పాత రోజుల్లో వంశం పేరునే స్త్రీలింగంలోకి మార్చి పిలిచేవారు, అంతే. తుల్లియస్ వంశపు సిసెరో కూతురు తుల్లియా. జూలియస్ సీజర్ కూతురు జూలియా, అతని తోడబుట్టిన ఇద్దరూ కూడా జూలియాలే. మార్క్ ఆంటోనీకి ఆక్టేవియా వల్ల పుట్టిన ఇద్దరమ్మాయిలూ ఆంటోనియాలే, ఒకరు పెద్ద, ఒకరు చిన్న. మన ఇళ్లలో అక్కనీ చెల్లినీ ఇంటిపేరుతోనే పిలిస్తే ఎలా ఉంటుందో ఊహించండి. చక్రవర్తుల కాలానికి వంశం పేరు పక్కన ఇంకో పేరు చేరడం మామూలైంది, అలా వచ్చిందే విబియా పెర్పెతువా. విబియా వంశానిది, పెర్పెతువా ఆమెది.

ఈమెది కార్తేజ్, ఇప్పటి ట్యునీషియా. వయసు దాదాపు 22, ఒళ్లో పాలు తాగే కొడుకు. క్రైస్తవురాలు అవుతోందని క్రీ.శ. 203లో పట్టుకుని జైల్లో పెట్టారు. అక్కడ ఆమె తన సంగతులు రాసుకుంది, ఆ రాత మనకి దక్కింది. ఆ కాలపు స్త్రీలు లాటిన్‌లో రాసినవి మిగలడమే చాలా అరుదు.

అందులో నన్ను పట్టుకుని వదలని చోటు ఒకటుంది. మనసు మార్చుకోమని తండ్రి బతిమాలుతుంటే, పక్కనున్న కూజా చూపించి, నాన్నా, దీన్ని కూజా అనకుండా ఇంకేమైనా అనగలమా అని అడుగుతుంది. లేదంటాడు. అలాగే నేనూ, నేనేంటో అదే చెప్పుకోగలను, క్రైస్తవురాలిని అంటుంది. ఆ ఒక్క మాటకి ఆయన కళ్లు పీకేసేలా మీదకొస్తాడు. తర్వాత ఇంకోసారి వచ్చినప్పుడు చేతులు ముద్దుపెట్టుకుని, కాళ్ల మీద పడి, ఏడుస్తూ కూతుర్ని 'దొమినా' అని పిలుస్తాడు, మనం 'అమ్మగారూ' అన్నట్టు. పేరంటే ఏమిటో ఇంత సూటిగా చెప్పిన రాత నేను ఇంకెక్కడా చదవలేదు.

మార్చి 7న ఆమెతో పాటు చంపేసినవాళ్లలో ఫెలిసితాస్ అనే బానిస స్త్రీ ఉంది, అంతకు కొన్ని రోజుల ముందే జైల్లో ఆడపిల్లని కన్నది. ఆ పేరుకి అర్థం ఆనందం, సౌభాగ్యం. రెండు పేర్లూ పక్కపక్కన పెడితే 'నిత్యానందం' అవుతుందని రెండు వందల ఏళ్ల తర్వాత బిషప్ అగస్టీన్ తన ప్రసంగాల్లో చెప్పాడు.

మరి ఇంత కథ ఉన్న పేరు అరుదుగా ఎందుకు మిగిలింది? క్యాథలిక్కుల పాత రోమన్ పూజా ప్రార్థనలో మరియమ్మ కాకుండా వరసగా చదివే ఏడుగురు స్త్రీలలో ఈమె ఒకరు. అదే వరసలోని ఆగ్నెస్, లూసీ, సిసిలియా తెలుగు క్రైస్తవ ఇళ్లలోనూ వినిపిస్తాయి, పెర్పెతువా వినిపించదు. నాకు తోచేదేంటంటే, ఆ పేరు ఇప్పటికీ మామూలు మాటలా వినిపిస్తుంది. ఇంగ్లీష్‌లో 'పర్పెచువల్' రోజూ వాడుకలో ఉన్నదే కాబట్టి పేరుగా చెవికి ఎక్కదు. కంప్యూటర్లో మైక్రోసాఫ్ట్ వర్డ్ ఫాంట్ల జాబితా చూస్తే పెర్పెతువా అనే ఫాంట్ కనిపిస్తుంది, 1920ల చివర్లో బ్రిటిష్ శిల్పి ఎరిక్ గిల్ గీసింది, పేరు ఈమెదే. దాని వాలు అక్షరాలకి మొదట ఫెలిసిటీ అనే పెట్టారు.

తెగనిది, ఆగనిది అనగానే రాతి గుండె అనుకోవద్దు. బిడ్డ దగ్గర లేనన్నాళ్లూ బెంగతో కుంగిపోయిందామె, తెచ్చి ఇచ్చాక జైలే నాకు మేడ అయిందని రాసుకుంది. శిక్ష పడ్డాక పాలిస్తానని కబురు పెడితే ఆమె తండ్రి బిడ్డని పంపలేదు. దేవుడి దయ, వాడు ఇక పాలు అడగలేదు, నా రొమ్ములూ సలపలేదు అని రాసింది. వాడి పేరు మాత్రం ఎక్కడా రాయలేదు.